ప్రాసెసర్ మీది గ్రీజు: ఎక్కడ తుడవాలి, ఎక్కడ ఆగాలి

వేసవి వచ్చిందంటే చాలా ఇళ్లలో కంప్యూటరు హోరు పెరుగుతుంది. ఫ్యాన్ చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో తెర బిగుసుకుపోతుంది, ల్యాప్‌టాప్ అడుగుభాగం ఒళ్లో పెట్టుకోలేనంతగా కాలుతుంది. తెలిసినవాళ్లను అడిగితే ముందుగా వచ్చే సలహా ఒకటే: లోపల పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, తుడిచేసి కొత్తది పెట్టించండి అని. సలహా చాలాసార్లు సరైనదే, పని కూడా గంటలోపు అయిపోయేదే. అయినా అప్పటిదాకా నడుస్తున్న కంప్యూటరు ఈ పని తర్వాత మళ్లీ లేవకపోవడం మరమ్మతు దుకాణాల వాళ్లకు కొత్త సంగతేమీ కాదు. ఎక్కడో కాస్త గ్రీజు మిగిలిపోయినందువల్ల ప్రాసెసర్ పోవడం బహు అరుదు. ఆ మిగిలినదాన్ని కూడా వదిలించి తీరాలన్న పట్టుదలతో గీకడం, లాగడం, చేతికందిన ద్రవమల్లా పోయడం వల్లే ప్రమాదం వస్తుంది. ఈ పనిలో నిజంగా శుభ్రపడాల్సినవి ఎదురెదురుగా ఆనుకునే రెండు ముఖాలు మాత్రమే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఎప్పుడు విప్పాలి, దేనితో తుడవాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది.

అసలు ఆ గ్రీజు అక్కడ ఎందుకుందో ముందు చూద్దాం. ప్రాసెసర్ పైన నికెల్ పూత పూసిన రాగి మూత ఉంటుంది. దాని మీద అల్యూమినియంతోనో రాగితోనో చేసిన హీట్ సింక్ కూర్చుంటుంది. రెండూ కంటికి నున్నగానే కనిపిస్తాయి గానీ దగ్గర నుంచి చూస్తే గరుకే. ఒకదానిమీద ఒకటి పెడితే కొన్ని బిందువుల దగ్గరే తాకి, మిగతా చోటల్లా సన్నని గాలి సందు మిగులుతుంది. మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని కొలిచే ఉష్ణవాహకతలో రాగి సుమారు 400, గాలి 0.026. మార్కెట్లో దొరికే మంచి పేస్టుల్లో చాలావాటి వాహకత పది లోపే ఉంటుంది. అంటే పేస్ట్ లోహం కన్నా చాలా నాసి, గాలి కన్నా ఎన్నో రెట్లు మేలు. సుమారు లెక్క ఒకటి వేద్దాం. పది చదరపు సెంటీమీటర్ల ముఖం, మధ్యలో 50 మైక్రాన్ల సందు, దాటాల్సిన వేడి 100 వాట్లు అనుకుందాం. ఆ సందు నిండా 5 వాహకత ఉన్న పేస్ట్ ఉంటే అటూ ఇటూ ఉష్ణోగ్రతలో తేడా ఒక డిగ్రీ. నిండా గాలే ఉంటే లెక్క ప్రకారం ఆ తేడా 190 డిగ్రీలు దాటుతుంది. అదే పేస్ట్ అర మిల్లీమీటరు మందాన పేరుకుంటే పది డిగ్రీలు. నిజంలో లోహాలు అక్కడక్కడ తాకుతాయి కాబట్టి గాలి లెక్క అంత ఘోరంగా ఉండదు, కానీ విషయం అర్థమవుతుంది. పొర ఉండాలి, అదీ వెంట్రుక మందం కన్నా పలచగా ఉండాలి.

పాత పేస్ట్ మీదే కొత్తది రాస్తే సరిపోదా అని అడిగేవాళ్లకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. పేస్ట్ అంటే సిలికోన్ నూనె లాంటి జిడ్డులో జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటి పొడి కలిపిన ముద్ద. యంత్రం వేడెక్కిన ప్రతిసారీ లోహం కాస్త సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పేస్ట్ మధ్య నుంచి అంచులకు జరుగుతుంది, నూనె విడిపోయి పొడి గట్టిపడుతుంది. ఆ గడ్డల మీద కొత్త ముద్ద వేస్తే పొర మందమవుతుంది, సందుల్లో గాలి చిక్కుకుంటుంది. కాబట్టి రెండు ముఖాల మీదా పాతదాన్ని తీసెయ్యాల్సిందే. అంచులకు కారి పచ్చబోర్డు మీద ఆరిపోయిన చారికకు మాత్రం ఈ లెక్కలో చోటు లేదు, వేడి ఆ దారిన పోదు కనుక.

విప్పేముందు మరో ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడు విప్పాల్సిన అవసరం ఉందా? ఏడాదికోసారి పేస్ట్ మార్చాల్సిందే అనే మాట బాగా వినిపిస్తుంది. మంచి పేస్ట్ చక్కగా కూర్చుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, విప్పిన ప్రతిసారీ మాత్రం పిన్నులకు, స్క్రూలకు, సన్నని తీగలకు గండమే. వేడికి చాలాసార్లు మొదటి కారణం దుమ్ము. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము చాపలా అల్లుకుంటే ఎంత ఖరీదైన పేస్ట్ పెట్టినా వేడి బయటికి పోయే దారి ఉండదు. ముందు ఆ దుమ్ము తీసి, కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఉష్ణోగ్రత చూసుకోవాలి. గది వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. హీట్ సింక్ గదిలోని గాలి కన్నా చల్లగా ఉండలేదు. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 40 దాటితే, ఆ పదిహేను డిగ్రీలూ ఇంచుమించు అలాగే ప్రాసెసర్ మీద చేరతాయి. అది పేస్ట్ తప్పు కాదు. నిరుటి మేలో 75 చూపించిన యంత్రం ఈ మేలో అదే పనికి 95 చూపిస్తుంటే, దుమ్ము కూడా తీసేసి ఉంటే, అప్పుడు విప్పడం న్యాయం.

ఈలోగా ప్రాసెసర్ కాలిపోతుందేమోనన్న కంగారు అక్కర్లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సమీక్షా సంస్థ నడుస్తున్న కంప్యూటర్ల మీంచి హీట్ సింకులు ఊడదీసి వీడియో తీసింది. అప్పటి అథ్లాన్ ప్రాసెసర్ పొగ చిమ్ముతూ కాలిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. ఈనాటి ప్రాసెసర్లన్నిటికీ అలాంటి కాపు ఉంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 వరస 95 దగ్గర వాటంతటవే నెమ్మదిస్తాయి, ఇంకా మించితే యంత్రం ఆగిపోతుంది. ఎండిన పేస్ట్ వల్ల కంప్యూటరు మందగిస్తుంది గానీ రాత్రికి రాత్రి చచ్చిపోదు. సరైన ద్రవం, మెత్తని గుడ్డ దొరికేదాకా రెండు రోజులు ఆగినా కొంప మునగదు. ఈ సంగతి తెలియకే చాలామంది అర్ధరాత్రి స్క్రూడ్రైవరు పట్టుకుంటారు.

తుడవడం కన్నా ప్రమాదకరమైన ఘట్టం దానికి ముందే వస్తుంది: హీట్ సింక్‌ను పైకి లేపడం. 2017 నుంచి మన దగ్గర లెక్కలేనన్ని డెస్క్‌టాపుల్లోకి వచ్చిన ఏఎండీ రైజెన్ యంత్రాల్లో చాలావాటికి ఏఎం4 సాకెట్ ఉంటుంది. ఆ ప్రాసెసర్ అడుగున 1,331 పిన్నులు ఉంటాయి. సాకెట్ పక్కనున్న చిన్న మీట వాటిని బిగించి పట్టుకుంటుంది, అంతకు మించి పైన పట్టు ఏమీ ఉండదు. పేస్ట్ గట్టిపడి ఉంటే దాని పట్టు ఈ పట్టును మించిపోతుంది. హీట్ సింక్‌ను నిట్టనిలువుగా లాగారో, మీట బిగించి ఉండగానే ప్రాసెసర్ పిన్నులతో సహా ఊడి చేతికొస్తుంది. కాస్త వాలుగా వచ్చిందంటే ఒక వరస పిన్నులు వంగిపోతాయి. ఈ గండం తప్పించుకునే ఉపాయం తేలిక. విప్పే ముందు పది నిమిషాలు యంత్రాన్ని బరువైన పనితో నడిపితే పేస్ట్ వేడికి మెత్తబడుతుంది. ఆపేసి, ప్లగ్ ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. స్క్రూలు వదులు చేశాక హీట్ సింక్‌ను ఉన్నచోటే కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పాలి. పేస్ట్ పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడే పైకి తియ్యాలి. కదలకపోతే మళ్లీ వేడి చేయాలే గానీ బలం పెంచకూడదు. ఇంటెల్ డెస్క్‌టాపుల్లో, 2022లో వచ్చిన ఏఎం5లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, ప్రాసెసర్ మీద ఇనుప చట్రం బిగించి ఉంటుంది, అందుకని ఊడిరావడమన్న భయం లేదు. తుడిచేటప్పుడు కూడా ఆ చట్రం తెరవకుండా, ప్రాసెసర్‌ను ఉన్నచోటే ఉంచడం మేలు. చట్రం తెరిస్తే బయటపడే సాకెట్ తీగలు వేలు తగిలితే చాలు వంగిపోతాయి.

ఇక ద్రవం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దుకాణాల వాళ్లు ఐపీఏ అనేది, ఈ పనికి అన్నిటికన్నా నమ్మకమైనది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలోనూ, సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే చోట్లా దొరుకుతుంది. సీసా మీద 99 శాతం అని ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. ఇది సిలికోన్ జిడ్డును చక్కెరను నీళ్లు కరిగించినట్టు పూర్తిగా కరిగించెయ్యదు. దాన్ని వదులు చేస్తుంది, గుడ్డకు అంటుకునేలా చేస్తుంది, పని అయ్యాక ఏమీ మిగల్చకుండా ఆవిరైపోతుంది. తీసేది మాత్రం గుడ్డే. అందుకే ఎక్కువ పోసినంత మాత్రాన ఎక్కువ శుభ్రం కాదు. మందుల షాపులో దొరికే 70 శాతం రకంలో మూడో వంతుకు దగ్గరగా నీళ్లుంటాయి. కరెంటు వస్తువు దగ్గర నీళ్లేమిటన్న సందేహం సహజం. కరెంటు లేనప్పుడు, గుడ్డకు చెమ్మ మాత్రమే చేసి లోహపు మూతను తుడిచినప్పుడు ఆ నీళ్లవల్ల హాని లేదు, ఆరడానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి, అంతే. కరోనా నాటి నుంచి ప్రతి ఇంట్లో ఉన్న శానిటైజర్ మాత్రం పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమంలోనే చేతులు పొడిబారకుండా 1.45 శాతం గ్లిసరాల్ ఉంటుంది, జెల్ రకాల్లో చిక్కదనం కోసం మరిన్ని కలుపుతారు. ఆల్కహాల్ ఎగిరిపోయాక అవి పొరగా మిగులుతాయి. సర్జికల్ స్పిరిట్ కొన్నిటిలో ఆముదం కలిపి ఉంటుంది, కాబట్టి లేబుల్ చదవకుండా వాడకూడదు.

పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడిచాం, ఏమీ కాలేదు అనేవాళ్లున్నారు. వాళ్ల మాట అబద్ధం కానక్కర్లేదు, లోహపు మూతను అవి ఏమీ చెయ్యవు. కానీ ద్రవం మూత దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్, పెయింట్ థిన్నర్ ప్లాస్టిక్‌ను, పూతలను కరిగిస్తాయి. సాకెట్ చుట్టూ ఉన్నది అంతా ప్లాస్టిక్కే. పెట్రోలు ఆరాక జిడ్డు మిగలొచ్చు, దాని ఆవిరి ఇంట్లో ఉండటమే ప్రమాదం. డబ్ల్యూడీ-40 లాంటివి నూనె పొరను వదులుతాయి, మనం వదిలించుకోవాలనుకున్నదే అది. ఐపీఏ కూడా మంటకు స్నేహితురాలే. దాని ఆవిరి దాదాపు 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అంటే మన గదుల్లో ఏడాది పొడుగునా. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో స్టవ్, దీపం, దోమల చుట్ట ఉండకూడదు, పూర్తిగా ఆరేదాకా స్విచ్ వెయ్యకూడదు.

తుడిచే తీరు నెమ్మదిగా చెప్పుకోవాల్సింది. ముందు తడి లేకుండా, మెత్తని కాగితంతో వీలైనంత పేస్ట్ ఎత్తెయ్యాలి. ఆ పనిలో అంచుల నుంచి మధ్యకు రావాలి, మధ్య నుంచి బయటికి తోస్తే ముద్ద మూత దిగి బోర్డు మీదికి పోతుంది. గట్టిపడ్డ చోట బ్లేడు, స్క్రూడ్రైవరు వద్దు. పనికిరాని ఏటీఎం కార్డు అంచు, ఐస్‌క్రీం పుల్ల చాలు. రాగి మూత మీద చిన్న గీత పడితే పెద్ద నష్టమేమీ లేదు, అదే పనిముట్టు జారి పక్కనున్న ఆవగింజంత భాగాన్ని ఊడగొడితే ప్రాసెసర్ పోయినట్టే. తర్వాత గుడ్డ మీద నాలుగు చుక్కల ఐపీఏ వేసి, మూత మీద పెట్టి, పది ఇరవై సెకన్లు అలా ఉంచి అప్పుడు తుడవాలి. మొదటిసారి గుడ్డ బూడిద రంగులోకి మారుతుంది, మూత మీద ఇంకా మసక పొర ఉంటుంది. గుడ్డలో శుభ్రమైన చోటుకు మడత మార్చి మళ్లీ తుడవాలి. మడత మార్చకపోతే తీసిన జిడ్డునే తిరిగి పూస్తున్నట్టు. ఇలా కొన్నిసార్లు చేశాక మూత మీద చెక్కిన అక్షరాలు తేటగా కనిపిస్తాయి, గుడ్డకు రంగు అంటడం ఆగుతుంది. అక్షరాల గాడిలో సన్నని బూడిద గీత మిగిలితే మిగలనివ్వండి, కొత్త పేస్ట్ నింపాల్సింది కూడా ఆ గాడినే. దూది నూలు వదులుతుంది, ఒక్కో పోగు పది ఇరవై మైక్రాన్ల మందం ఉంటుంది. అందుకని చివరి తుడుపుకు కళ్లద్దాల గుడ్డ లాంటిది వాడాలి. హీట్ సింక్ అడుగుకూ ఇదే వరస. తుడిచాక వేలు పెట్టి చూడకూడదు, చేతి జిడ్డు కూడా జిడ్డే.

ఇప్పుడు మూత పక్కన మిగిలిన గ్రీజు సంగతి. దీనిమీదే అభ్యంతరం గట్టిగా వస్తుంది: అది షార్ట్ చెయ్యదా? జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ రకం పేస్టులు విద్యుత్తును ప్రవహింపనివ్వవు. రైజెన్ 7000 ప్రాసెసర్ల మూత అంచుల్లో గండ్లు పెట్టి ఉంటాయి, ఆ గండ్లలో బుల్లి కెపాసిటర్లు బయటికే కనిపిస్తాయి. పేస్ట్ ఎంత జాగ్రత్తగా పెట్టినా కాస్త అక్కడికి చేరుతుంది, చేరినా యంత్రాలు నిక్షేపంగా నడుస్తున్నాయి. కంటికి బాగుండదని నోక్టువా లాంటి కంపెనీలు దానికి అడ్డుగా చిన్న చట్రం అమ్ముతున్నాయి, అది వేరే మాట. ఆ గండ్లలోకి సూది దూర్చి గీకడం వల్ల వచ్చే లాభం సున్నా. ఐపీఏలో తడిపిన మెత్తని బ్రష్షుతో ఒకటి రెండుసార్లు ఆడించి, వచ్చింది వచ్చినట్టు తీసి, మిగిలింది వదిలెయ్యాలి. పిన్నుల మధ్య గ్రీజు పడితే అదే బ్రష్షు, పిన్నుల వరస వెంట, ఒత్తిడి లేకుండా. సాకెట్‌లోని తీగల జోలికి దూదిపుల్లతో వెళ్లనే వద్దు. నూలు పోగు ఒక తీగకు చిక్కుకుంటే దాన్ని లాక్కొస్తుంది. వెండి కలిసిన పాత రకాల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త న్యాయమే. ఆర్కిటిక్ సిల్వర్ తయారీదారే తమ పేస్ట్ కరెంటును పారనివ్వకపోయినా పిన్నుల దగ్గరికి రానివ్వవద్దని చెప్పింది.

ల్యాప్‌టాప్‌లో సంగతి మారుతుంది. అక్కడ రాగి మూత ఉండదు, అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క నేరుగా పైకి కనిపిస్తుంది. సిలికాన్ గట్టిదే గానీ పెళుసు, మూలలు చిట్లితే అతికేది లేదు. కాబట్టి గట్టి పనిముట్టు ఏదీ ఆ ముక్క దరిదాపులకు రాకూడదు, తడి గుడ్డను ఎక్కువసేపు దానిమీద ఉంచి, పేస్ట్‌ను నాననిచ్చి మెత్తగా తీయాలి. ముఖం చిన్నది కావడంతో పొర మందం ఇక్కడ ఎక్కువ బాధిస్తుంది. ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల మీద 45 వాట్లు దాటాలంటే, 50 మైక్రాన్ల పొరకు తేడా మూడు డిగ్రీలు, 200 మైక్రాన్లకు పన్నెండు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ ఊడదీయడం తప్పనిసరి, ఛార్జర్ తీసినంత మాత్రాన లోపల కరెంటు పోదు. హీట్ సింక్ కింద పక్కనున్న చిప్పుల మీద రబ్బరులాంటి మెత్తని ప్యాడ్లు కనిపిస్తాయి. అవి అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో ఉన్న ఖాళీని పూడ్చడానికి పెట్టినవి. వాటిని గ్రీజు అనుకుని తుడిచేసి పేస్ట్ రాస్తే ఆ ఖాళీ పూడదు. బాగున్నవాటిని తాకకుండా, ఏది ఎక్కడిదో ఫోన్‌తో ఫొటో తీసుకుని పెట్టుకోవాలి.

మిగిలింది మిగలనివ్వమన్న మాట పూర్తిగా చెల్లని చోటు ఒకటుంది: ద్రవలోహం. గాలియం, ఇండియం, తగరం కలిపిన ఈ మిశ్రమం గది వేడికే ద్రవంగా ఉంటుంది. సోనీ ప్లేస్టేషన్ 5లో, ఆసుస్ గేమింగ్ ల్యాప్‌టాపులు కొన్నిటిలో దీన్ని కంపెనీలోనే పెట్టి పంపుతున్నారు. ఇది అచ్చమైన లోహం కాబట్టి విద్యుత్తు దీనిలోంచి ధారాళంగా పారుతుంది. గుండుసూది తలంత బొట్టు జారి రెండు భాగాల మధ్య పడితే బోర్డు పోతుంది, అల్యూమినియం మీద పడితే దాన్ని తినేస్తుంది. తుడుస్తుంటే పేస్ట్‌లా అంటుకోదు, వెండి పూసల్లా పరిగెడుతుంది. మీ యంత్రంలో ఏముందో తయారీదారు వివరాల్లో చూసుకోకుండా విప్పవద్దు. ద్రవలోహం అని తేలితే అలవాటున్నవాళ్లకు అప్పగించడమే తెలివైన పని.

ముఖాలు రెండూ ఆరాక కొత్త పేస్ట్ డెస్క్‌టాప్‌కైతే మూత మధ్యలో బఠాణీ గింజంత, కాస్త పెద్ద మూతలకు ఇంకొంచెం పెట్టి, హీట్ సింక్‌ను నిటారుగా దించి, స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి పోతే అడుగు వాలుతుంది. ఫ్యాన్ తీగ బోర్డుకు తగిలించడం మరిచిపోయేవాళ్లు చాలామంది, స్విచ్ వెయ్యకముందే చూసుకోవాలి. మొదటిసారి నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఉష్ణోగ్రత చూడండి. గది వేడి కన్నా ఇరవై ముప్ఫై డిగ్రీలు ఎక్కువలో నిలబడితే పని కుదిరినట్టే. అర నిమిషంలోనే 90 దాటి ఎగబాకుతుంటే హీట్ సింక్ సరిగా ఆనలేదు. ఆపేసి, చల్లారనిచ్చి, విప్పి, పేస్ట్ ఎటువైపు నలగకుండా మిగిలిపోయిందో చూస్తే ఏ మూల లేచి ఉందో తెలిసిపోతుంది. అలా ఒకసారి విప్పాక ఆ పేస్ట్‌నే మళ్లీ నొక్కకూడదు, విడిపోయినప్పుడు అందులో గాలి చేరుతుంది. రెండు ముఖాలూ తుడిచి కొత్తది పెట్టాలి.